కెమెరా ఎక్కడ పెట్టారో కూడా అడగండి: తెలంగాణ మహిళా కమిషన్‌కు ఒక డ్యాన్సర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి, కమిషన్ సభ్యులందరికీ నమస్కారం.

నేను 12 ఏళ్లు తెలుగు సినిమాల్లో గ్రూప్ డ్యాన్సర్‌గా పనిచేశాను. హీరోయిన్ వెనక రెండో వరసలో ఉండేదాన్ని. మీరు నన్ను చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. ఇప్పుడు బోడుప్పల్‌లో ఆడపిల్లలకు డ్యాన్స్ నేర్పుతున్నాను. 2025 మార్చి 20న మీరు ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా పాటల్లో స్టెప్పులు అసభ్యంగా, ఆడవాళ్లను కించపరిచేలా ఉంటున్నాయని ఫిర్యాదులు వచ్చాయని, దర్శకులు, నిర్మాతలు, కొరియోగ్రాఫర్లు వాటిని వెంటనే ఆపాలని, లేకపోతే చట్టప్రకారం చర్యలు ఉంటాయని అందులో చెప్పారు. దాని గురించి మీకు రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

ఆ వార్త చదవగానే నాకు సంతోషమే కలిగింది. అందులో దాచేదేమీ లేదు. ఆ స్టెప్పులు వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎన్ని రాత్రులు ఇంటికి వచ్చి, ఒళ్లంతా ఎవరో తడిమినట్టు అనిపించి, బకెట్ నిండా వేడినీళ్లు పెట్టుకుని కూర్చున్నానో నాకే తెలుసు. ఇన్నాళ్లకు ఎవరో ఒకరు అడిగారు కదా అనుకున్నాను. నోటీసు ఆడేవాళ్లకు కాకుండా ఆడించేవాళ్లకు ఇచ్చారు, అది కూడా న్యాయమే.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ నెలాఖరున విడుదలైన ఒక సినిమాలో అందరూ మాట్లాడుకున్న స్టెప్పును థియేటర్‌లో కత్తిరించేశారు. అందరూ బాగుందన్నారు. అంతకుముందు రెండు వారాలు సోషల్ మీడియాలో బూతులు తిన్నది మాత్రం ఆ స్టెప్పు వేసిన అమ్మాయి. స్టెప్పు కట్టినవాళ్లనీ, దాన్ని ఏ కోణంలో తీయాలో చెప్పినవాళ్లనీ, మానిటర్ ముందు కూర్చుని 'ఇంకొకటి, ఇంకొకటి' అన్నవాళ్లనీ ఆ స్థాయిలో అన్నవాళ్లను నేను చూడలేదు. పైన మీ మాట సరిగ్గానే బయల్దేరింది. కిందికి చేరేసరికి ఆడమనిషి ఒంటి మీద కత్తెరగా మారిపోయింది. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

సెట్లో ఎలా ఉంటుందో చెబుతాను. ఒక పాట, ఊరి జాతర సెట్టింగ్. మాకు నేర్పిన అడుగు మామూలు తీన్మార్ అడుగే. బోనాల ఊరేగింపులో మా అత్తగారు కూడా వేస్తుంది ఆ అడుగు. మోకాలు వంచి, నడుం కాస్త తిప్పి, చేతులు పైకి. రిహార్సల్స్‌లో మూడు రోజులు లంగా ఓణీల్లో, చుడీదార్లలో వేశాం. నవ్వుకుంటూ వేశాం. నాలుగో రోజు షూటింగ్‌కి వెళితే కాస్ట్యూమ్ అని మోకాలి పైదాకా ఉన్న పావడా ఇచ్చారు. అదైనా సరే అనుకున్నాం. తర్వాత కెమెరాను తెచ్చి నేల మీద పెట్టి, లెన్స్ పైకి తిప్పారు. మేం చుట్టూ తిరగాలి. నేను తిరుగుతున్నప్పుడల్లా తెలియకుండానే చెయ్యి పావడా మీదికి పోతోంది. మైకులో నన్ను రంగు పేరుతో పిలిచారు: 'ఆ పచ్చ పావడా అమ్మాయ్, చెయ్యి ఫ్రేమ్‌లోకి వస్తోంది, తియ్యి.' తీసేశాను. తీయకపోతే మర్నాడు కాల్ రాదు. ఇంటి అద్దె ఉంది, తమ్ముడి చదువు ఉంది.

అమ్మా, ఇందులో అసభ్యత అడుగులో ఉందా? మూడు రోజులు మేం వేసినదీ అదే అడుగు కదా.

టీవీ సంగతి ఇంకోలా ఉంటుంది. నేను సినిమాలు మానేశాక ఒక చానల్‌లో దసరా స్పెషల్ ప్రోగ్రామ్‌కి పిలిచారు. చానల్ పేరు ఇక్కడ అనవసరం. ఒకప్పటి గ్రూప్ డ్యాన్సర్లం ఆరుగురం, అందరం ముప్పై అయిదు దాటినవాళ్లం. ఇన్నాళ్లూ వెనక ఆడినవాళ్లు ఈసారి ముందు ఆడతారు అని ప్రోగ్రామ్ వాళ్లే అన్నారు. ఎంత ఆనందపడ్డామో! పాట మేమే ఎంచుకున్నాం, బట్టలు మేమే కుట్టించుకున్నాం. నేత చీరలు, గోచీ కట్టు, కాళ్లకు గజ్జెలు. తొమ్మిది రోజులు ప్రాక్టీస్ చేశాం. మా కోసం మేం కట్టుకున్న మొదటి డ్యాన్స్ అది. షూటింగ్ రోజు ఒక్క టేక్‌లో అయిపోయింది, లైట్ బాయ్స్ కూడా చప్పట్లు కొట్టారు.

ప్రోగ్రామ్ వచ్చే రోజు మా అమ్మ పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను పిలిచింది. చాప వేసి, మరమరాల ఉండలు పెట్టి అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టింది. నాలుగున్నర నిమిషాల డ్యాన్స్ నిమిషం కూడా రాలేదు. ఆ కాస్తలో కూడా మమ్మల్ని నడుం పైనుంచే చూపించారు. మధ్యలో జడ్జిల మొహాలు, ఆడియన్స్ మొహాలు. గజ్జెల మోత వినిపిస్తోంది గానీ కాళ్లు కనిపించడం లేదు. మా అమ్మ టీవీ దగ్గరికి వెళ్లి, 'కాళ్లేవే?' అంది. పాడైంది టీవీయేమో అనుకుంది పాపం.

మర్నాడు ఫోన్ చేసి అడిగాను. 'పెద్దవయసు ఆడవాళ్లు నడుం ఊపుతుంటే ఫ్యామిలీ ఆడియన్స్ ఇబ్బంది పడతారని పైనుంచి చెప్పారు మేడమ్' అన్నారు. అదే ప్రోగ్రామ్‌లో, అదే రాత్రి, ఒక సినిమా ప్రమోషన్ కోసం వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి పాటను మొత్తం వేశారు. అక్కడక్కడా బ్లర్ చేశారు. బ్లర్ చేసిన చోటికే చూపు పోతుందని ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదా? నిండా చీర కట్టుకుని, మాకు ఇష్టమైన అడుగు మేం వేస్తే కాళ్లు కోసేశారు. ఇంకొకరు చెప్పినట్టు ఆడిన పిల్లను బ్లర్ చేసి మరీ అమ్ముకున్నారు. సెన్సార్ అంటే నాకు అర్థమైంది ఇదే. అభ్యంతరం అసభ్యత మీద కాదు, ఆడది తన సంతోషం కోసం ఆడటం మీద.

ఇది ఇవాళ్టిది కూడా కాదు. నాకు అభినయం నేర్పిన గురువు తూర్పుగోదావరి ఆవిడ, గుళ్లలో, వేడుకల్లో నాట్యం చేయడమే వృత్తిగా ఉన్న కలావంతుల కుటుంబం. నేను అడిగితే తప్ప ఆ మాట చెప్పేది కాదు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. చిన్నపిల్లలను దేవుడికి అంకితం ఇవ్వడం ఆపాలి, ఆపారు, అందులో రెండో మాట లేదు. ఆ కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం లాంటివాళ్లే ఆ ఆచారం పోవాలని ఊరూరా తిరిగి చెప్పారు. కానీ ఆ చట్టం అంకితం ఇవ్వడంతో ఆగలేదు. గుడిలో, దేవుడి ఊరేగింపులో ఆడవాళ్లు నాట్యం చేయడాన్నే నేరం చేసింది. 1956లో ఆంధ్రలో దాన్ని సవరించి పెళ్లిళ్లలో, ఇళ్లలో జరిగే వేడుకల్లో వాళ్ల నాట్య మేళాలను కూడా ఆపేశారు. మేజువాణికి, అంటే ఇంట్లో నాట్య కచేరీకి పిలిచి, ముందు వరసలో కూర్చుని చూసిన జమీందార్ల మీద, ఇళ్లు రాసిచ్చి మాట తప్పిన పెద్దమనుషుల మీద ఏ చట్టమూ రాలేదు.

పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో కలావంతుల ఆడవాళ్లు నవజనార్దన పారిజాతం అనే నాట్యం ఆడేవారు. సత్యభామ కథే. కూచిపూడిలో అదే సత్యభామను మగవాళ్లు స్త్రీవేషం కట్టి ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నడిస్తే దేశమంతా మెచ్చుకుంది, 1970లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన మహా కళాకారుడు, ఆ గౌరవానికి తగినవారు, నేను ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ అదే జడ, అదే నడక మా గురువుగారి పెద్దమ్మ గుడిలో నడిస్తే పోలీసు కేసు. ముమ్మిడివరం, బల్లిపాడు, మురమండ లాంటి ఊళ్లలో గజ్జెలు పెట్టెల్లో పెట్టి, పిల్లలకు కూడా చెప్పకుండా బతికినవాళ్లు ఎందరో. తర్వాత నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు ఆ ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి, బతిమాలి ఆడించి, నేర్చుకుని ఆంధ్రనాట్యం అని నిలబెట్టారు కాబట్టి కొంతైనా మిగిలింది. 'తలుపులు వేసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి మా అమ్మ నాకు నేర్పింది' అని మా గురువుగారు చెప్పేది. ఇంట్లోవాళ్లకు అన్నం పెట్టిన విద్యను దొంగసొత్తులా నేర్చుకోవాల్సి వచ్చింది ఆవిడకు.

పక్కదేశాల్లో ఏం జరిగిందో కూడా కాస్త చెప్పనివ్వండి. పాకిస్తాన్‌లో నాహీద్ సిద్దీఖీ అనే కథక్ కళాకారిణి ప్రభుత్వ టీవీలో 'పాయల్' అని ప్రోగ్రామ్ చేసేది. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ వచ్చాక ఆపించేశారు. ఆమె దేశం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయింది. అదే రోజుల్లో టీవీలో వార్తలు చదివే ఆడవాళ్లు తల మీద దుపట్టా కప్పుకోవాలన్నారు. కరాచీలో షీమా కెర్మానీ అనే నాట్యకారిణి మాత్రం అన్నీ తట్టుకుని అక్కడే నేర్పుతూ ఉండిపోయింది. ఇరాన్‌లో 2018లో మాయిదే హోజబ్రీ అనే టీనేజ్ అమ్మాయిని తన గదిలో డ్యాన్స్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినందుకు అరెస్ట్ చేశారు. ఆ తర్వాత ఏం చేశారో గమనించండి. ఆడవాళ్ల నాట్యం చూపించని ఆ దేశపు ప్రభుత్వ టీవీ, ఏడుస్తూ మాట్లాడుతున్న ఆ పిల్లను మాత్రం చూపించింది. ఆడుతుంటే చూపించకూడదు, ఏడుస్తుంటే చూపించవచ్చు. ఆ అమ్మాయికి తోడుగా ఎంతోమంది ఇరాన్ ఆడవాళ్లు తమ డ్యాన్స్ వీడియోలు పెట్టారు. ఆ రోజుల్లో ఒక్కో వీడియో చూస్తూ నేను ఎంత ఏడ్చానో!

మనది ఇరాన్ కాదు, పాకిస్తాన్ కాదు. ఒప్పుకుంటాను. కానీ సంక్రాంతికి మన టీవీల్లో వచ్చే వార్తలు గుర్తు తెచ్చుకోండి. 'రికార్డింగ్ డ్యాన్సుల మీద పోలీసుల దాడి' అని వేస్తారు. తెర మీద ఎవరు? చున్నీలతో మొహాలు కప్పుకుని, నేల మీద వరసగా కూర్చున్న అమ్మాయిలు. స్టేజీ కట్టించినవాడు, డబ్బులు వసూలు చేసినవాడు, నోట్లు విసిరినవాడు ఆ వీడియోలో ఉండరు. మహారాష్ట్రలో 2005లో డ్యాన్స్ బార్లు మూసేశారు. మూడు నక్షత్రాలు, అంతకు పైన ఉన్న హోటళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. డబ్బున్నవాళ్ల ముందు ఆడితే సంస్కృతి చెడదు కాబోలు! 75 వేల మంది ఆడవాళ్ల బతుకుతెరువు పోయిందని కోర్టులో చెప్పారు. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పేదాకా ఎనిమిదేళ్లు వాళ్లు ఏం తిన్నారో, ఎక్కడికి పోయారో అడిగినవాళ్లు తక్కువ.

నేను చట్టం చదువుకోలేదు. మా క్లాసుకు వచ్చే ఒక పాప వాళ్లమ్మ లాయరు, ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది. 1986లో వచ్చిన చట్టం పేరే మహిళలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం. కేబుల్ టీవీకి ఉన్న ప్రోగ్రామ్ కోడ్‌లో కూడా స్త్రీ రూపాన్ని, శరీరాన్ని కించపరిచేలా చూపించకూడదని ఉంది. రెండింటిలోనూ ఉన్న మాట 'చూపించడం'. ఆడటం కాదు. చూపించేది ఎవరు? కెమెరా పెట్టినవాడు, ఎడిట్ చేసినవాడు, అదే ముక్కను ప్రోమోలో రోజంతా తిప్పిన చానల్. చట్టం సరిగ్గా వాళ్ల వైపే వేలు చూపిస్తోంది. మనమే ఆ వేలిని తెచ్చి డ్యాన్సర్ మీద పెడుతున్నాం.

ఇక మిమ్మల్ని అడగాలనుకున్నవి అడుగుతాను.

ఒక పాట మీద ఫిర్యాదు వస్తే స్టెప్పు పేరు కాకుండా షాట్ పేరు రాయండి. కెమెరా ఎక్కడ ఉంది, ఎన్ని షాట్లలో అమ్మాయికి మొహమే లేదు, ఆ బట్టలు ఆమెకు ముందు చూపించారా, ఒప్పుకుందా అని అడగండి. మొహం లేకుండా ముక్కలు ముక్కలుగా చూపించడం కన్నా పెద్ద అవమానం నాకు తెలియదు. నేను పనిచేసిన పాటల్లో నా నడుం ఉంది, నా కాలు ఉంది. నా మొహం ఉన్న షాట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇలాంటి ప్రకటన ఇచ్చేముందు ఒక్కసారి మమ్మల్ని పిలవండి. నిర్మాతలు మీ ఆఫీసుకు వస్తారు, దర్శకులు వస్తారు. కృష్ణానగర్‌లో తెల్లవారుజామున బస్సు కోసం నిలబడే పిల్లలు రారు, వాళ్లకు రావచ్చని కూడా తెలియదు. వాళ్లకు రోజు కూలీ పోకుండా ఒక ఆదివారం పిలిచి, మగవాళ్లెవరూ లేకుండా కూర్చోబెట్టి అడగండి. ఏది డ్యాన్స్, ఏది డ్యాన్స్ కాదో వాళ్లకు బాగా తెలుసు. 'ఈ అడుగు వేస్తాను, ఈ షాట్ వద్దు' అని చెప్పే హక్కు కాగితం మీద ఉంటే, మీరు ఆపాలనుకున్న వాటిలో సగం అక్కడే ఆగిపోతాయి.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పనిచేసేచోట కమిటీ ఉండాలి. పాట షూటింగ్ కూడా పనిచేసే చోటే, టీవీ డ్యాన్స్ షో సెట్ కూడా పనిచేసే చోటే. అక్కడ ఆ కమిటీలో ఎవరున్నారో గోడ మీద రాసి ఉందేమో ఒక రోజు చెప్పకుండా వచ్చి చూడండి. తెలుగు సినిమా రంగంలో ఆడవాళ్ల ఇబ్బందుల మీద 2019లో ప్రభుత్వం కమిటీ వేసింది, నివేదిక కూడా వెళ్లింది. 2024 ఆగస్టులో మలయాళ సినిమా గురించి హేమ కమిటీ నివేదిక బయటకు వచ్చినప్పుడు, మన నివేదికను కూడా బయటపెట్టమని ఇక్కడి నటీమణులు అడిగారు. అందులో మా లాంటివాళ్లు చెప్పుకున్న మాటలు కూడా ఉండి ఉంటాయి. అవి అమలయ్యేలా మీరు వెంటపడండి. స్టెప్పు ఆపించడం ఒక్క ప్రకటనతో అయిపోతుంది. దీనికి ఏళ్లు పడుతుందని నాకూ తెలుసు.

టీవీ చానళ్లకు కూడా ఒక మాట చెప్పండి. 'కమిషన్ ఊరుకోదు' అనే భయంతో వాళ్లు ముందుగా కోసేది పెద్ద సినిమా పాటను కాదు. వయసైనవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను, పల్లె నుంచి వచ్చి తమ అడుగు తాము వేసేవాళ్లను కోస్తారు. పిల్లల విషయం వేరు. డ్యాన్స్ షోల్లో చిన్నపిల్లల చేత పెద్దవాళ్ల పాటలకు వాళ్ల వయసుకు తగని స్టెప్పులు వేయించడం మీద 2019లో కేంద్రం చానళ్లను హెచ్చరించింది, అది పూర్తిగా సబబే. నా క్లాసులో నేను అలాంటివి వేయించను. కానీ ఎదిగిన ఆడమనిషికి పసిపిల్లకు పెట్టిన రూలే పెట్టకండి.

బోనాలప్పుడు లష్కర్ ఉజ్జయినీ మహంకాళి గుడి ముందు అమ్మవారు పూనిన శివసత్తులు ఆడుతుంటే చానళ్లన్నీ లైవ్ ఇస్తాయి. జుట్టు విరబోసుకుని, పసుపు పూసుకుని, డప్పుకు ఒళ్లు మరిచి ఆడతారు. నడుం కదులుతుంది, చీర జారుతుంది, ఎవరూ కళ్లు మూసుకోరు. కెమెరా నిలబడి, ఎదురుగా, దండం పెట్టినట్టు చూస్తుంది. మమ్మల్ని కూడా అలా చూసే కెమెరా కావాలి. నేను అడుగుతున్నది అంతే.

మా క్లాసులో 22 మంది ఆడపిల్లలు ఉన్నారు. మీ ప్రకటన వచ్చిన వారం ఒక పాప వాళ్ల నాన్న వచ్చి, 'ఇక చాలు మేడమ్, టీవీలో చూస్తున్నాం కదా డ్యాన్సులు ఎలా ఉంటున్నాయో' అని ఫీజు లెక్క చూసుకుని తీసుకెళ్లిపోయాడు. ఎనిమిదో తరగతి పిల్ల. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో తాళం అంత శుద్ధంగా ఉన్న పిల్ల ఇంకొకరు లేరు. తన గజ్జెలు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి, తీసుకెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోలేదట. నేను ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లాను. నా మాట ఆయన వినలేదు. మీరు చెబితే వింటాడేమో.

రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా క్లాసు ఉంటుంది. కిరాణా కొట్టు పైన రెండో అంతస్తు, మెట్లు కాస్త ఇరుకు. మీరు ఎప్పుడైనా రావచ్చు, ముందుగా చెప్పాల్సిన పని లేదు. పిల్లలు ఆడతారు, కూర్చుని చూడండి.

ఇట్లు
ఒక మాజీ గ్రూప్ డ్యాన్సర్
బోడుప్పల్, హైదరాబాద్